తక్కువ ధరలో మంచి వైన్: లేబుల్ మీద ఏ మాటకు విలువుంది, ఏ మాటకు లేదు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. వైన్ మీద ఎక్కువ ఖర్చు పెట్టలేరు. ఇప్పటిదాకా ‘రిజర్వ్’ అని రాసి ఉన్నవీ, పతకం స్టిక్కర్ అంటించినవీ, బరువైన సీసాలో వచ్చేవీ చూసి కొంటున్నారు. చాలాసార్లు నిరాశే మిగులుతోంది. బోర్డో (ఫ్రాన్స్‌లో పేరుమోసిన వైన్ ప్రాంతం) అన్న పేరు చూసి కొన్నా అదే కథ. లేబుల్ చదివి, సీసా తెరవకముందే లోపల ఏముందో కొంతైనా పసిగట్టడం ఎలా?

చాలా ఏళ్లుగా దిగుమతిదారుల కోసం వైన్లు రుచి చూసి సరుకు ఎంచే పనిలో ఉన్నాను కాబట్టి సూటిగా చెబుతాను. లేబుల్ మీద రెండు జాతుల మాటలుంటాయి. కొన్ని రాయాలంటే తయారీదారు చట్టం పెట్టిన షరతులు నెరవేర్చి తీరాలి. కొన్ని ఎవరైనా దేనిమీదైనా అచ్చేసుకోవచ్చు. మీరు నమ్ముతూ వచ్చినవి దాదాపు అన్నీ ఈ రెండో జాతివే.

‘రిజర్వ్’ సంగతే చూడండి. అమెరికా సమాఖ్య చట్టంలో ఆ మాటకు నిర్వచనమే లేదు. సంస్థ తయారుచేసే వైన్లలో అన్నిటికన్నా చవకైనదాని మీద కూడా ఆ మాట వేసుకోవచ్చు, వేస్తున్నారు కూడా. ‘ఓల్డ్ వైన్స్’ (old vines, అంటే ముదురు ద్రాక్ష తీగలు) అన్నదీ అంతే. ముదురు తీగల ద్రాక్షకు రుచి చిక్కగా ఉంటుందన్నది నిజమే గానీ, ముదురు అంటే 30 ఏళ్లా 80 ఏళ్లా అన్నది చాలా దేశాల్లో రాసేవాళ్ల ఇష్టం. ‘స్పెషల్ సెలెక్షన్’, ‘ప్రైవేట్ బిన్’ లాంటివాటికి అసలు అర్థమే లేదు. సీసా బరువుకు, అడుగున ఉండే గుంట లోతుకు వైన్‌తో సంబంధం లేదు. ఆ గాజుకు మీరే డబ్బు కడుతున్నారు.

అయితే అదే మాట స్పెయిన్ వెళ్లేసరికి చట్టబద్ధం అయిపోతుంది. రియోహా ఎర్ర వైన్ మీద ‘క్రియాన్సా’ అని ఉంటే కనీసం రెండేళ్లు పాతబడి ఉండాలి, అందులో ఏడాది ఓక్ పీపాలో. ‘రెసెర్వా’ అంటే మూడేళ్లు, అందులో పీపాలో కనీసం ఏడాది, సీసాలో కనీసం ఆరు నెలలు. ‘గ్రాన్ రెసెర్వా’ అంటే అయిదేళ్లు, అందులో రెండేళ్లకు తగ్గకుండా పీపాలో. సీసా వెనక నంబరు వేసిన చిన్న అధికారిక చీటీ ఒకటి అంటించి ఉంటుంది, అది చూడండి. మీ బడ్జెట్‌లో వయసు తీరిన వైన్ రుచి ఎలా ఉంటుందో తెలుసుకోవాలంటే రియోహా క్రియాన్సాను మించిన దారి నాకు తెలియదు. తయారీదారే తన గిడ్డంగిలో ఏళ్లపాటు దాచి, తాగడానికి సిద్ధంగా ఉన్నప్పుడు బయటికి పంపుతున్నాడు. మిగతా చాలాచోట్ల ఆ ఓపిక మీరే పట్టాలి. ఇటలీలో ‘రిసెర్వా’కూ షరతులున్నాయి, అవి ఊరూరికీ మారతాయి. కియాంటీ క్లాసికో రిసెర్వా అయితే కనీసం 24 నెలలు. ఇక్కడ ‘క్లాసికో’ అంటే తొలినాటి అసలు ప్రాంతం అని అర్థం. ఉత్త కియాంటీ వేరు, కియాంటీ క్లాసికో వేరు.

ఫ్రాన్స్‌లో మోసపోయే చోటు ఒకటుంది. ‘సెంతెమిలియోఁ గ్రాఁ క్రూ’ అని చూడగానే శిఖరం లాంటి వైన్ అనిపిస్తుంది. సెంతెమిలియోఁ బోర్డోలోని ఒక ఊరు. అది కేవలం ఆ ప్రాంతానికే చెందిన ఇంకాస్త కఠినమైన నిబంధనల పేరు, చాలామందికి దొరుకుతుంది. తోటలకు ర్యాంకులిచ్చే అధికారిక వర్గీకరణలో నెగ్గినదైతే ‘గ్రాఁ క్రూ క్లాసే’ అని ఉంటుంది. బర్గండీలోనేమో ‘గ్రాఁ క్రూ’ అంటే నిజంగానే అన్నిటికన్నా పై మెట్టు. ఒకే మాట, రెండు ఊళ్లలో రెండు బరువులు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. లేబుల్ మీద నేను మొట్టమొదట వెతికేది ఊరి పేరు. యూరప్ వైన్లలో ఊరు ఎంత చిన్నదైతే షరతులు సాధారణంగా అంత గట్టివి. ఫ్రాన్స్ దక్షిణాన లాంగ్‌డాక్ ప్రాంతాన్ని తీసుకోండి. ‘వాఁ ద ఫ్రాన్స్’ అని ఉంటే దేశంలో ఎక్కడి ద్రాక్షైనా కలపొచ్చు. ‘పేయి దోక్’ అని ఐజీపీ (ప్రాంతం పేరుకు ఇచ్చే అధికారిక గుర్తింపు) ముద్రతో ఉంటే ఆ దక్షిణ ప్రాంతపు ద్రాక్ష. ‘లాంగ్‌డాక్’ అని ఏఓపీ (అంతకన్నా కఠినమైన గుర్తింపు) ముద్ర ఉంటే ఏ రకాల ద్రాక్ష వాడాలి, హెక్టారుకు ఎంత దిగుబడి దాటకూడదు అన్న కట్టుబాట్లు మొదలవుతాయి. ‘మినెర్వ్వా’ అంటే అందులో ఒక చిన్న ముక్క. ‘మినెర్వ్వా లా లివినియేర్’ అంటే ఆ ముక్కలో ఇంకా చిన్న ముక్క, కొన్ని ఊళ్ల కొండవాలు. దిగుబడి మీద పరిమితి ఎందుకంటే, తీగకు కాయలు మితంగా ఉంటే ఒక్కో గుత్తిలో రుచి గట్టిగా వస్తుంది. ఇటలీలో ఐజీటీ, డీఓసీ, డీఓసీజీ, స్పెయిన్‌లో డీఓ, డీఓసీఏ అనేవీ ఇలాంటి మెట్లే. ఫ్రాన్స్ ఈ ఏర్పాటును 1935లో దేశమంతటికీ తెచ్చింది, ఇటలీ 1963లో.

మెట్టు నాణ్యతకు హామీ కాదని కూడా చెప్పాలి. అది ఎక్కడిది, ఏ పద్ధతిలో అన్నదానికి మాత్రమే హామీ. ఇటలీలోని టస్కనీలో సస్సికాయా అనే వైన్ మొదట అమ్మకానికి వచ్చినప్పుడు దాని మీద ఉన్నది మామూలు టేబుల్ వైన్ అన్న ముద్రే. అక్కడి నిబంధనల ప్రకారం కాబర్నే ద్రాక్షకు చోటు లేకపోయింది మరి. ఇప్పటికీ కొందరు మంచి రైతులు కావాలనే కట్టుబాట్ల బయట ఉండి ‘వాఁ ద ఫ్రాన్స్’ అని వేసుకుంటారు. వాళ్లను గుర్తుపట్టాలంటే తయారీదారు పేరు తెలియాలి. కొత్తలో మీరు ఊరినే నమ్ముకోండి.

ఒక సీసాను చేతిలోకి తీసుకుని చదువుదాం. ముందువైపు ఒక దొమెన్ (సొంత తోటలున్న వైన్ సంస్థ) పేరు, కింద మినెర్వ్వా, ఇంకాస్త చిన్న అక్షరాల్లో ‘అపెలాసియోఁ మినెర్వ్వా ప్రొతెజే’ (అంటే ఏఓపీ), 2022. వెనక ‘మీజ్ ఆఁ బుతేయ్ ఓ దొమెన్’ (దొమెన్‌లోనే సీసాకెత్తినది), 13.5%, 750 మి.లీ., సల్ఫైట్లు (వైన్ చెడకుండా కాపాడే పదార్థాలు) ఉన్నాయన్న హెచ్చరిక, దిగుమతిదారు పేరు. దీన్నిబట్టి మనకు తెలిసేది తక్కువేమీ కాదు. ద్రాక్ష పేరు ఎక్కడా లేదు గానీ, మినెర్వ్వా ఎరుపు అంటే సిరా, గ్రెనాష్, మూర్వేద్ర్, కారిన్యాన్ లాంటి వేడి ప్రాంతపు రకాల మిశ్రమమే. వైన్ చేసినచోటే సీసాకెత్తారు, అంటే తోట నుంచి మూత దాకా ఒకే చేయి. 13.5% అంటే మధ్యస్థమైన ఒళ్లు (నోట్లో అనిపించే బరువు). దొమెన్ అన్న మాట సొంత తోటల ద్రాక్షకే పరిమితం.

పక్కనే అదే ఊరి పేరుతో ఇంకో సీసా ఉండి, వెనక సీసాకెత్తినవాళ్ల చిరునామాగా ఒక కంపెనీ పేరూ పిన్‌కోడూ మాత్రమే ఉన్నాయనుకోండి. ఫ్రెంచి పిన్‌కోడ్‌లో మొదటి రెండు అంకెలు జిల్లాను చెబుతాయి. మినెర్వ్వా ఉన్నది 11, 34 జిల్లాల్లో. కోడ్ 33తో మొదలైతే ఆ సీసా నిండింది దూరంగా బోర్డోలో. అదేమీ నేరం కాదు. టోకున కొని కలిపి సీసాలకెత్తే వ్యాపారులు కొందరు నిజాయితీగా మంచి సరుకే ఇస్తారు. కానీ ఒకే ధరకు రెండూ కనిపిస్తే నేను మొదటిదే తీసుకుంటాను. అమెరికా సీసాల్లో దీనికి సాటి ‘ప్రొడ్యూస్డ్ అండ్ బాటిల్డ్ బై’ అన్న మాట. ఆ సంస్థే కనీసం 75% వైన్‌ను స్వయంగా పులియబెట్టిందని దాని అర్థం. ‘సెల్లార్డ్’, ‘వింటెడ్’ అని ఉంటే వైన్ వేరేవాళ్ల దగ్గర కొన్నదైనా కావచ్చు. ‘ఎస్టేట్ బాటిల్డ్’ అన్నది వీటన్నిటికన్నా గట్టి మాట.

ఊరి పేరు చూసి ద్రాక్ష పోల్చుకోవడం మొదట్లో కష్టంగా అనిపిస్తుంది గానీ, పది పేర్లు వస్తే చాలు. షబ్లీ అంటే షార్డొనే. సాన్సేర్ తెలుపు అంటే సావిన్యోన్ బ్లాంక్. ఎర్ర బర్గండీ అంటే పీనో న్వార్. ఎర్ర బోజొలే అంటే గమే. వూవ్రే అంటే షెనిన్ బ్లాంక్. బరోలో అంటే నెబ్బియోలో. కియాంటీలో ప్రధానంగా సాంజొవేసే, ఎర్ర రియోహాలో ప్రధానంగా టెంప్రనియో. పేర్లు మారే ద్రాక్షలూ ఉన్నాయి. సిరా, షిరాజ్ ఒకటే. గ్రెనాష్, గర్నాచా ఒకటే. మూర్వేద్ర్ స్పెయిన్‌లో మొనాస్ట్రెల్. ఇటలీ ప్రిమితీవో, కాలిఫోర్నియా జిన్‌ఫాండెల్ ఒకే ద్రాక్ష అని డీఎన్ఏ పరీక్షలే తేల్చాయి. ఇవి తెలిస్తే ఒక చోట నచ్చిన రుచిని ఇంకో చోట తక్కువ ధరకు వెతుక్కోవచ్చు. ‘మోంటెపుల్చియానో దబ్రుట్సో’లో మోంటెపుల్చియానో ద్రాక్ష పేరు. ‘వీనో నోబిలే ది మోంటెపుల్చియానో’లో అది టస్కనీలోని ఊరి పేరు, అందులో ఉండేది ముఖ్యంగా సాంజొవేసే. రెండిటికీ ధరలో, రుచిలో చాలా తేడా.

లేబుల్ మీద ఒకే ద్రాక్ష పేరు ఉన్నంత మాత్రాన లోపలంతా అదే అనుకోవద్దు. యూరప్‌లో, ఆస్ట్రేలియాలో 85% ఉంటే చాలు. అమెరికాలో సాధారణంగా 75% చాలు. మిగతాది కలపడం తప్పు కాదు, చాలాసార్లు దానివల్లే వైన్ కుదురుతుంది.

సంవత్సరం విషయంలో మీ బడ్జెట్‌కు సూత్రం ఒక్కటే: కొత్తది కొనండి. అది ద్రాక్ష కోసిన ఏడాది. తక్కువ ధర వైన్లలో ఎక్కువ భాగం రెండు మూడేళ్లలో తాగేయడానికే చేస్తారు. చవక తెల్ల వైన్ ఏడేళ్ల నాటిది తగ్గింపు ధరకు పెట్టారంటే అది బేరం కాదు, మిగిలిపోయిన సరుకు. పైన చెప్పిన రియోహా లాంటివి దీనికి మినహాయింపు. షాంపేన్, స్పెయిన్ షెర్రీ లాంటివాటి మీద ఏడాది లేకపోతే కంగారు పడక్కర్లేదు, వాటిని పలు సంవత్సరాల వైన్లు కలిపే చేస్తారు.

ఆల్కహాల్ శాతం చాలామంది పట్టించుకోని ఆధారం. ద్రాక్షలోని చక్కెరే ఆల్కహాల్ అవుతుంది, లీటరుకు సుమారు 17 గ్రాములకు ఒక శాతం చొప్పున. కాబట్టి 14.5% అంటే బాగా పండిన ద్రాక్ష, బరువైన ఒళ్లు, నాలుక మీద కాస్త వేడి. 11, 12% అంటే తేలిక, పులుపు ముందుండేది. జర్మన్ రీస్లింగ్ (ఒక తెల్ల ద్రాక్ష రకం) మీద 8% కనిపిస్తే పులియడం మధ్యలో ఆగిందని, చక్కెర కొంత మిగిలి ఉందని అర్థం, అంటే తియ్యగా ఉంటుంది. అదే రీస్లింగ్ 12% ఉండి ‘ట్రోకెన్’ అని రాసి ఉంటే తీపి లేనిది. ‘కాబినెట్’, ‘ష్పేట్‌లేజె’ అన్నవి కోత నాటికి ద్రాక్ష ఎంత పండిందో చెప్పే మెట్లు, సీసాలోని తీపికి కొలత కాదు. తీపి అనగానే చిన్నచూపు చూడకండి. మోజెల్ లోయ కాబినెట్‌లో ఆ తీపిని కోసేంత పులుపు ఉంటుంది.

బుడగల వైన్లలో తీపి మాటలు తికమక పెడతాయి. ‘బ్రూట్’ అంటే లీటరుకు 12 గ్రాముల లోపు చక్కెర. ‘ఎక్స్‌ట్రా డ్రై’ అంటే 12 నుంచి 17, అంటే బ్రూట్ కన్నా తియ్యన. ‘దెమీ సెక్’ అంటే 32 నుంచి 50. తీపి అసలే వద్దనుకుంటే ‘బ్రూట్ నేచర్’ వెతకండి, 3 గ్రాములు దాటదు. తక్కువ ధరలో ఇక్కడ గొప్ప బేరాలున్నాయి. షాంపేన్‌లో బుడగలు సీసాలోనే రెండోసారి పులియడం వల్ల వస్తాయి, తర్వాత వైన్ ఈస్ట్ మడ్డి మీద నెలల తరబడి ఉంటుంది. స్పెయిన్ కావా, ఫ్రాన్స్ క్రెమాన్ కూడా సరిగ్గా అదే పద్ధతిలో చేస్తారు, మడ్డి మీద కనీసం 9 నెలలు ఉంచుతారు. ప్రొసెక్కో ఎక్కువగా పెద్ద ట్యాంకుల్లో తయారవుతుంది. దాని తీరు వేరు, పండు వాసన ముందుంటుంది.

మరి డబ్బు ఎక్కడికి పోతుంది? సీసా, మూత, లేబుల్, పెట్టె, రవాణా ఖర్చులు వైన్ మంచిదైనా చెడ్డదైనా దాదాపు ఒక్కటే. పన్ను ధర మీద కాక పరిమాణం మీద పడే దేశాల్లో అదీ అంతే. అందువల్ల అన్నిటికన్నా కింది ధరలో ఉన్న సీసాలో వైన్‌కు చేరే వాటా మరీ చిన్నది. ఒక్క మెట్టు పైకెక్కితే మీరు అదనంగా పెట్టిన డబ్బులో చాలా భాగం నేరుగా ద్రాక్షకు చేరుతుంది. కాబట్టి అట్టడుగు ధర వదిలేసి దాని పై మెట్టు చూడండి. ఇంకా పైకెళ్లేకొద్దీ మీరు కొనేది భూమి విలువ, కొరత, పేరు. ఓక్ పీపా ఉదాహరణ చూడండి. 225 లీటర్ల పీపాలో పట్టేది 300 సీసాలు. కొత్త పీపా ఖర్చంతా ఆ 300 మీదే పడాలి. అందుకే చవక వైన్‌లో గుప్పుమనే వెనీలా వాసన సాధారణంగా పీపాది కాదు, ట్యాంకులో వేసిన ఓక్ చెక్క ముక్కలది. యూరప్‌లో ముక్కలు వాడిన వైన్ మీద పీపాలో పెంచామని రాయడానికి వీల్లేదు. తక్కువ ధరలో నేను అసలు ఓక్ తగలని వైన్లనే ఇష్టపడతాను. అక్కడ ద్రాక్ష దాగడానికి చోటుండదు.

ధర తెలియకుండా రుచి చూస్తే ఏమవుతుందో 2008లో వెలువడిన ఒక అధ్యయనం చూపింది. ఆరు వేలకు పైగా బ్లైండ్ టేస్టింగ్‌లను లెక్కగడితే, శిక్షణ లేనివాళ్లకు ఖరీదైనవి సగటున ఏమాత్రం ఎక్కువ నచ్చలేదు సరికదా, ఓ పిసరు తక్కువే నచ్చాయి. పతకాల సంగతీ అంతే. కాలిఫోర్నియా స్టేట్ ఫెయిర్‌లో ఒకే సీసాలోని వైన్‌ను న్యాయనిర్ణేతలకు చెప్పకుండా మూడేసిసార్లు పోసి చూస్తే, మూడుసార్లూ దాదాపు ఒకే మార్కులు ఇవ్వగలిగింది పదిమందిలో ఒక్కరే. పతకం ఉందని కొనకండి, ఉందని మానేయకండి.

ఇక ఎక్కడ వెతకాలి. బోర్డో మీకు నిరాశ మిగల్చడానికి కారణం ఆ ప్రాంతం చెడ్డదని కాదు. ఆ పేరుకున్న ఖ్యాతి వల్ల అట్టడుగు సరుకు కూడా అమ్ముడుపోతుంది. అదే డబ్బు పేరు అంతగా లేని ఊరిలో పెడితే అక్కడి మంచి సరుకు చేతికొస్తుంది. ఎరుపులో కార్బియేర్, మినెర్వ్వా, ‘కోట్ దు రోన్ విలాజ్’, స్పెయిన్‌లో కంపో దె బోర్హా, కలతాయుద్ గర్నాచాలు, హుమియా మొనాస్ట్రెల్, ఇటలీ దక్షిణాన నేరో డావోలా, పోర్చుగల్‌లో దాఁవ్, అలెంతేజు. వగరు తక్కువగా, చల్లగా తాగడానికి బాగుండేది కావాలంటే బోజొలే విలాజ్. తెలుపులో దక్షిణాఫ్రికా షెనిన్ బ్లాంక్, ‘సుర్ లీ’ అని రాసిన మస్కడే. మస్కడేను చలికాలమంతా మడ్డి మీదే ఉంచి, అక్కడి నుంచే నేరుగా సీసాకెత్తుతారు. ఆ ఉప్పన, ఆ చురుకు ఈ ధరలో ఇంకెక్కడా దొరకవు.

ఒక్కదాని కోసం మాత్రం గట్టిగా వాదిస్తాను: ఫీనో షెర్రీ. షెర్రీ అంటే తియ్యటి మందు అన్న అపోహ వల్ల ప్రపంచం దీన్ని వదిలేసింది. ఫీనో పూర్తిగా తీపి లేనిది, 15% దగ్గర ఉంటుంది. పీపాలో వైన్ ఉపరితలం మీద ఈస్ట్ పొర తేలి గాలి తగలకుండా కాపాడుతుంది. పాత వైన్‌లో కొత్తది కలుపుతూ ఏళ్లపాటు పెంచుతారు. ఇంత శ్రమ ఉన్న ఇంకో వైన్‌కైతే ఎన్నో రెట్లు ధర పెడతారు. సగం పరిమాణంలో ఉండే చిన్న సీసాలు దొరికితే అవే కొనండి, బాగా చల్లబరచండి, తెరిచాక త్వరగా ముగించండి.

చిన్న సంగతులు కొన్ని. సల్ఫైట్ల హెచ్చరిక చూసి భయపడక్కర్లేదు, లీటరుకు 10 మిల్లీగ్రాములు దాటితే చాలు రాయాల్సిందే, దాదాపు ప్రతి సీసా మీదా ఉంటుంది. ఉబ్బసం ఉన్నవాళ్లు మాత్రం జాగ్రత్త పడాలి. యూరప్‌లో 2023 డిసెంబర్ 8 తర్వాత తయారైన వైన్లకు పదార్థాల జాబితా తప్పనిసరి. చాలావాటికి అది సీసా మీది క్యూఆర్ కోడ్‌లో ఉంటుంది, స్కాన్ చేసి చూడండి. మర మూత చూసి చవకబారు అనుకోవద్దు. తాజాగా తాగే వైన్‌కు అది కార్క్ కన్నా భద్రం. కార్క్ సీసా తెరవగానే తడిసిన అట్టపెట్టె వాసన వచ్చి, పండు రుచి చచ్చిపోయి ఉంటే అది మీ నాలుక లోపం కాదు. టీసీఏ అనే రసాయనం వల్ల కార్క్ చెడింది. గ్లాసులో పోసింది పారబోయకుండా సీసాలోకి తిరిగి ఒంపి, మూత పెట్టి దుకాణానికి తీసుకెళ్లండి, మంచి దుకాణాలు మార్చి ఇస్తాయి.

మొదటి కొనుగోలుకు రియోహా క్రియాన్సా ఒకటి, అసలు ఓక్ లేని గర్నాచా ఒకటి తీసుకుని ఒకేపూట పక్కపక్కన కొద్దికొద్దిగా రుచి చూడండి. పీపా ఏం చేస్తుందో చదివితే కాదు, అలాగే అర్థమవుతుంది. ఎరుపు కూడా తాగేముందు ఇరవై నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టండి, వెచ్చగా ఉంటే ఆల్కహాల్ ఘాటే ముందుకొస్తుంది. మిగిలినదానికి మూత బిగించి ఎరుపైనా తెలుపైనా ఫ్రిజ్‌లోనే ఉంచితే మూడు రోజులు ఢోకా ఉండదు. ఏది నచ్చిందో, దాని వెనక లేబుల్‌లో సీసాకెత్తినవాళ్ల పేరు ఏముందో ఇక్కడ రాయండి, దానికి దగ్గరి రుచిలో తర్వాత ఏం కొనాలో చెబుతాను.